ఆకు ముడుచుకునేది కాడ మొదట్లోని బుడిపె దగ్గర

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా వేరుశనగ మొక్క పక్కన కూర్చుని, ఒక్క ఆకు మీదే కన్నుంచి చూడండి. ఆ ఆకుకు నాలుగు పత్రకాలుంటాయి, అంటే ఒకే కాడకున్న చిన్న ఆకులు, రెండు జతలుగా. పగలంతా వెడల్పుగా పరుచుకుని ఉన్నవి మెల్లగా పైకి లేవడం మొదలుపెడతాయి. కదలిక కంటికి ఆనదు. కాసేపు చూపు తిప్పుకుని మళ్లీ చూస్తే మాత్రం స్థానం మారిపోయి ఉంటుంది. చీకటి చిక్కబడేసరికి ఒక్కో జతలోని రెండు పత్రకాలూ చేతులు జోడించినట్టు ఒకదానికొకటి అంటుకుని నిలబడతాయి. మొక్క మొత్తం సగానికి సన్నబడినట్టు కనిపిస్తుంది.

ఇలా చేసే మొక్కలు చాలానే ఉన్నాయి. చింత, దిరిసెన, అవిసె, తంగేడు, బీన్స్, దేవకాంచనం, అత్తిపత్తి అన్నీ ఒకే చిక్కుడు కుటుంబానివి. నిద్రగన్నేరుకైతే ఆ పేరే దీనివల్ల వచ్చింది. ఆ కుటుంబం బయట పులిచింత, నేల ఉసిరి, కుండీల్లో పెంచుకునే మరాంటా కూడా ఇదే పని చేస్తాయి. ముడిచే తీరు మాత్రం ఒక్కొక్కదానిది ఒక్కో రకం. వేరుశనగ పైకి ముడుస్తుంది. బీన్స్ పత్రకాలు కిందికి వేలాడతాయి. పులిచింత మూడు పత్రకాలనూ గొడుగు మూసినట్టు కాడ చుట్టూ దించేస్తుంది. దేవకాంచనం ఆకు నడిమి ఈనె మీద పుస్తకంలా మూసుకుంటుంది. తంగేడు జాతి మొక్కల్లో నాకు బాగా నచ్చేది మరో రకం: పత్రకాలు కిందికి వాలుతూ వాలుతూనే తమ చుట్టూ తాము తిరుగుతాయి, చివరికి పైతలాలు రెండూ లోపలివైపు ఒకదానికొకటి ఎదురుపడేలా. ఊరికే వాలిపోయే ఆకు అలా మెలి తిరగదు.

అక్కడే అసలు విషయం ఉంది. ఆకు నిద్రపోయింది అంటాం కాబట్టి పట్టు సడలి వాలిపోయిందని అనుకుంటాం. అది తప్పు. ముడుచుకున్న పత్రకాన్ని వేలి కొసతో నెమ్మదిగా విడదీసి వదలండి, తిరిగి తన చోటికే పోతుంది. నీళ్లు చాలక వాడిన ఆకు అలా పోదు. వాడిన ఆకు పలక మెత్తబడుతుంది, అంచులు వేలాడతాయి, లేత కొమ్మల చివర్లు కూడా తల వంచేస్తాయి. రాత్రి ముడిచిన ఆకు పలక బిగువుగానే ఉంటుంది. కొమ్మ చివర నిటారుగానే ఉంటుంది. వంపు ఒక్క చోటే, కీలు దగ్గరే కనిపిస్తుంది. సాయంత్రం ముడుచుకున్న మొక్కను చూసి దాహమేసిందనుకుని నీళ్లు గుమ్మరించే ముందు ఈ తేడా చూసుకుంటే చాలు, కుండీలో వేర్లు కుళ్లడం చాలావరకు తప్పుతుంది.

ఇక ఆ కీలు సంగతి. ఆకు కాడ కొమ్మకు కలిసే చోట, పత్రకం కాడకు కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని పల్వైనస్ అంటారు. చింతాకులో పత్రకాల దగ్గర ఉండేది చాలా చిన్నది, భూతద్దం కావాలి. నిద్రగన్నేరు పెద్ద కాడ మొదట్లోదీ, బీన్స్ పత్రకం మొదట్లోదీ ఉత్త కంటికే దొరుకుతాయి. బీన్స్‌లో అయితే ఆ కొద్ది మేరా కాడకన్నా లావుగా, రంగు కాస్త తేడాగా కనిపిస్తుంది. పది రెట్లు పెంచి చూపే భూతద్దం పెట్టి చూస్తే చర్మం మీద అడ్డంగా సన్నటి ముడతలు కనిపిస్తాయి, హార్మోనియం తిత్తి మడతల్లాగా. ఒకవైపు సాగి, రెండోవైపు కుంచించుకోవాలంటే ఆ మడతలు ఉండాల్సిందే.

లోపలి నిర్మాణం కూడా ఈ పనికి తగ్గట్టే ఉంటుంది. మామూలు కాడను అడ్డంగా కోస్తే నీటిని మోసే నాళాలు అంచు వెంట వలయంగా అమరి ఉంటాయి. అందుకే కాడ గొట్టంలా గట్టిగా నిలబడుతుంది. పల్వైనస్‌లోకి వచ్చేసరికి ఆ నాళాలన్నీ నడిమధ్యకు చేరి తాడు పేనినట్టు ఒక్కటవుతాయి. గొట్టాన్ని వంచడం కష్టం, తాడును వంచడం తేలిక. ఆ తాడు చుట్టూ పలచటి గోడల కణాలు దట్టంగా ఉంటాయి. వాటిని చాలక కణాలు అందాం. ఆకును కదిలించేవి ఇవే.

ఈ చాలక కణాలు రెండు జట్లు. ఒక జట్టు ఉబ్బితే ఆకు తెరుచుకుంటుంది, రెండోది ఉబ్బితే మూసుకుంటుంది. వేరుశనగలా పైకి ముడిచే ఆకులో తెరిచే జట్టు కీలుకు పైభాగంలో ఉంటుంది, మూసే జట్టు కింది భాగంలో. బీన్స్‌లా కిందికి వాలే ఆకులో ఇది తలకిందులు. ఒక జట్టు ఉబ్బేటప్పుడు రెండోది తప్పనిసరిగా కుంచించుకుంటుంది. రెండూ ఒకేసారి ఉబ్బితే కీలు కొయ్యబారిపోతుంది తప్ప ఆకు ఎటూ కదలదు.

కణం ఉబ్బడానికి కారణం నీరే అయినా, నీటిని కణం నేరుగా లాక్కోలేదు. ముందు ఉప్పును లాగుతుంది, దాని వెనక నీరు వస్తుంది. క్రమం ఇలా ఉంటుంది. కణం పొరలో ఉన్న ప్రోటాన్ పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చుపెట్టి, హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తుంది. దాంతో కణం లోపలివైపు రుణావేశం పెరుగుతుంది. పొటాషియం అయాన్లు ధనావేశం ఉన్నవి కాబట్టి తమ మార్గాల గుండా లోపలికి వస్తాయి. లెక్క సరిపోవడానికి క్లోరైడ్ చేరుతుంది, కణం తనలో తాను మాలిక్ ఆమ్లపు అయాన్లను కూడా తయారుచేసుకుంటుంది. లోపల గాఢత పెరిగేసరికి ద్రవాభిసరణతో నీరు వస్తుంది, లోపలి నుంచి గోడను నెట్టే ఒత్తిడి, అంటే స్ఫీత పీడనం పెరుగుతుంది, కణం ఉబ్బుతుంది. కుంచించుకునే జట్టులో ఇది వెనక్కి నడుస్తుంది: క్లోరైడ్ బయటికి పోవడంతో పొర మీది విద్యుత్ తేడా తగ్గుతుంది, పొటాషియం బయటపడుతుంది, దాని వెంట నీరూ పోతుంది. 1970ల మొదట్లో అమెరికాలో రూత్ శాటర్, ఆర్థర్ గాల్‌స్టన్ దిరిసెన జాతి చెట్టు పత్రకాల కీళ్లలో పొటాషియం ఎటు ఉందో కొలిచి, అది పగలొక జట్టులో, రాత్రి ఇంకో జట్టులో ఎక్కువగా ఉంటుందని చూపించారు. ఆ తర్వాత నిద్రగన్నేరు మీద శాటర్ చాలాకాలం పనిచేశారు. కీళ్లు పెద్దవి కావడంతో ఆ చెట్టు ఇలాంటి పనికి బాగా కుదురుతుంది.

పంపు నడవాలంటే శక్తి కావాలి, శక్తికి శ్వాసక్రియ కావాలి. అందుకే ఆక్సిజన్ అందకుండా చేస్తే ఆకు కదలడం ఆగిపోతుంది. చలి ఎక్కువైతే మందగిస్తుంది. నీళ్లు చాలని మొక్కలోనూ ఈ కదలిక సరిగా సాగదు, ఎందుకంటే ఉప్పు లాగినా వెనక రావడానికి నీరుండదు.

అత్తిపత్తిని ముట్టుకోగానే ముడుచుకోవడం, రాత్రి ముడుచుకోవడం ఒకటేనా అని చాలామంది అడుగుతారు. కీలు అదే, నీరు కదిలే పద్ధతీ అదే, పురమాయించేది వేరు. ముట్టుకున్నప్పుడు విద్యుత్ సంకేతం ఆకు వెంట పరుగెడుతుంది, ఒకటి రెండు క్షణాల్లో పని అయిపోతుంది. వదిలేస్తే ఇంచుమించు పావుగంట, ఇరవై నిమిషాల్లో మళ్లీ విచ్చుకుంటుంది. రాత్రి ముడుపు నిదానంగా సాగుతుంది, తెల్లవారేదాకా నిలుస్తుంది. రాత్రి పత్రకాలు ముడిచి ఉన్న అత్తిపత్తి పెద్ద కాడను తట్టి చూడండి, కాడ అప్పుడు కూడా కిందికి పడుతుంది.

ఇంకొక తేడా కూడా చెప్పుకోవాలి. కీలు లేని మొక్కలు కూడా కొన్ని రాత్రి ఆకులను పైకి లేపుతాయి. తోటకూర లేత ఆకులు, పొగాకు ఆకులు అలాంటివి. అక్కడ పనిచేసేది పెరుగుదల: కాడకు ఒకవైపు కణాలు కాస్త ఎక్కువగా పెరిగితే ఆకు రెండోవైపు వంగుతుంది. పెరుగుదల వెనక్కి రాదు కాబట్టి ఆకు ముదిరి పెరగడం ఆగిందంటే కదలికా ఆగిపోతుంది. తులిప్ పూలు విచ్చుకోవడం, మూసుకోవడం కూడా ఇలా పెరుగుదలతో జరిగేదే. కీలున్న ఆకు మాత్రం రాలే రోజులు దగ్గరపడే దాకా రోజూ అదే పని చేస్తూ ఉంటుంది.

ఇప్పుడు గడియారం. చీకటి పడింది కాబట్టి ముడుచుకుంది అనే మాట సగమే నిజం. చింతచెట్టును నాలుగు రోజులు వరసగా గమనించినవాళ్లకు తెలుస్తుంది, సూర్యుడు పూర్తిగా కుంగకముందే పత్రకాలు కదలడం మొదలవుతుంది, తెల్లవారకముందే విచ్చుకోవడం మొదలవుతుంది. వెలుగు వచ్చాక స్పందించేదైతే వెలుగు రాకముందే ఎలా తెరుచుకుంటుంది?

1729లో ఫ్రాన్స్‌లో జాన్ జాక్ ద మేరాన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. లోపల వెలుగు లేకపోయినా ఆకులు పగటి వేళకు తెరుచుకుని, రాత్రి వేళకు ముడుచుకున్నాయి. బయటి ఉష్ణోగ్రత మార్పులే దానికి వేళ చెబుతున్నాయేమో అన్న అనుమానం మిగిలింది. ఆ అనుమానం తీర్చడానికి అదే శతాబ్దంలో దుహామెల్ దు మోన్సో ఉష్ణోగ్రత మారని చీకటి నేలమాళిగలో మొక్కను పెట్టాడు, అక్కడా ఆకులు ఆగలేదు. 1832లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆగస్టిన్ ద కాండోల్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఎప్పుడూ ఒకే వెలుగు ఉండేలా చేస్తే అత్తిపత్తి రోజు 24 గంటలకు తిరగదు, 22, 23 గంటలకే తిరుగుతుందని కనిపెట్టాడు. బయటి నుంచి ఏదో సంకేతం అందుతూ ఉంటే సరిగ్గా 24 గంటలే రావాలి కదా. కాస్త తప్పిన లెక్క రావడమే గడియారం మొక్క లోపల ఉందనడానికి గట్టి సాక్ష్యం. రాత్రి దీపాలు, పగలు చీకటి పెట్టి అదే మొక్కకు వేళలు తిప్పేయగలిగాడు కూడా.

అంటే మొక్కలో సుమారు ఒక రోజు కాలంతో తిరిగే గడియారం ఉంది, అది కొంచెం తప్పుతుంది, ప్రతి ఉదయమూ సాయంత్రమూ వెలుగు దాన్ని సరిదిద్దుతుంది. సరిదిద్దే పనిలో ఎరుపు వెలుగుకు ఉన్న బలం గురించి ఒక మంచి ఉదాహరణ ఉంది. 1930కి అటూ ఇటూగా జర్మనీలో ఎర్విన్ బ్యూనింగ్, కుర్ట్ స్టెర్న్ బీన్స్ ఆకుల కదలికను చీకటి గదిలో పరీక్షిస్తున్నారు. రోజూ ఒకే వేళకు లోపలికి వెళ్లి మసక ఎరుపు దీపంతో మొక్కలకు నీళ్లు పోసేవారు. ఎరుపు వెలుగు ఈ కదలికల మీద పనిచేయదని అప్పట్లో నమ్మకం. ఆకులు ఖచ్చితంగా 24 గంటలకు తిరిగాయి, పైగా అన్ని మొక్కలూ ఒకే వేళకు. నీళ్లు పోసే వేళకూ ఆకుల వేళకూ లంకె ఉందని గుర్తించి ఆ ఎరుపు దీపాన్ని తీసేశాక బీన్స్ అసలు కాలం బయటపడింది: 25.4 గంటలు. ఆ కొద్దిపాటి ఎరుపే రోజూ గడియారాన్ని సరిచేసింది.

దానికి కారణం ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం. ఎరుపు వెలుగు తగిలితే అది ఒక రూపంలోకి, ఎరుపుకు ఆవలి అంచున కంటికి సరిగా ఆనని దూర ఎరుపు తగిలితే మరో రూపంలోకి మారుతుంది. 1966లో అత్తిపత్తి మీద చేసిన పరీక్షలో ఇది కళ్లకు కట్టినట్టు తేలింది. చీకట్లో పెట్టే ముందు పత్రకాలకు ఎరుపు చూపిస్తే త్వరగా ముడుచుకున్నాయి, చివరిగా దూర ఎరుపు చూపిస్తే చీకట్లోనూ చాలాసేపు తెరుచుకునే ఉన్నాయి. నీలి వెలుగు ఆకును తెరవడంలో సాయపడుతుంది.

ఇదంతా చేసి చూసుకోవచ్చు. నాలాగా మొక్కల మీద ప్రాణం పెట్టేవాళ్లు ఒక్కసారైనా చేసి తీరాల్సిన పని ఇది. మొక్కగా వేరుశనగను ఎంచుకోండి. అత్తిపత్తి అందంగా ఉంటుంది కానీ చెయ్యి తగిలినా, గాలి వీచినా ముడుచుకుని లెక్క చెడగొడుతుంది. వేయించని, పొర చిరగని వేరుశనగ గింజలను ఆరు గంటలు నానబెట్టి, 15 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీలో 3 సెంటీమీటర్ల లోతున మూడు పెట్టండి. సుమారు వారంలో మొలుస్తాయి. బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. ఎండ బాగా తగిలేచోట మూడు వారాలు పెంచితే నాలుగైదు పూర్తి ఆకులు వస్తాయి. పై నుంచి మూడో ఆకును ఎంచుకుని కాడకు రంగు దారం వదులుగా కట్టండి. ఎప్పుడూ ఆ ఆకునే కొలవాలి. లేత ఆకు, ముదురు ఆకు ఒకే వేళకు, ఒకే మేర ముడవవు. అటొకటి ఇటొకటి కొలిస్తే ఫలితం అర్థం కాకుండా పోతుంది.

కొలవడానికి జామెట్రీ పెట్టెలోని కోణమానిని చాలు. ఒక జతలోని రెండు పత్రకాల మధ్య కోణం చూడండి, ముట్టుకోకుండా పక్కనుంచి. పగలు 180 డిగ్రీలకు దగ్గరగా, రాత్రి సున్నాకు దగ్గరగా వస్తుంది. ముందు రెండు రోజులు మామూలు పగలు, రాత్రుల్లో అరగంటకోసారి రాసుకోండి. అప్పుడే మీ మొక్క ఏ వేళకు కదులుతుందో తెలుస్తుంది. ఆ తర్వాతే చీకటి పెట్టె.

పెట్టెకు రెండు అట్టపెట్టెలు కావాలి, ఒకదాంట్లో ఒకటి పట్టేలా. లోపలిదానికి నల్ల కాగితం అంటించండి. అంచులన్నీ నల్ల టేపుతో మూయండి. గాలి కోసం ఎదురెదురు గోడల్లో రెండు రంధ్రాలు చేసి, రెండుసార్లు మలుపు తిరిగిన నల్ల కాగితపు గొట్టాలు పెట్టండి. గాలి వస్తుంది, వెలుగు రాదు. మొక్కను పెట్టే ముందు ఫోన్‌ను లోపల పెట్టి, గదిలో దీపాలన్నీ వేసి ఒక నిమిషం వీడియో తీయండి. తెరమీద ఎక్కడైనా చుక్కంత వెలుగు కనిపిస్తే ఆ పెట్టె పనికిరాదు, మళ్లీ మూయాలి. మొక్కకు ఉదయం నీళ్లు పోసి, మధ్యాహ్నం దాకా మంచి వెలుగులో ఉంచి, అప్పుడు లోపల పెట్టండి.

చూసేటప్పుడు జరిగే తప్పే ఎక్కువ. ఎరుపు దీపం వాడొద్దు, కారణం పైన చెప్పాను. మసక ఆకుపచ్చ దీపం, పది సెకన్లు మించకుండా. ఫోన్ టార్చ్ అసలు వద్దు. పరారుణ దీపాలున్న చిన్న కెమెరా ఉంటే ఇంకా మేలు, తరంగదైర్ఘ్యం 940 నానోమీటర్లదైతే సరిగ్గా కుదురుతుంది. 850 నానోమీటర్ల దీపం మసగ్గా ఎర్రగా మెరుస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. చేత్తో తెరిచి చూసేవాళ్లు రోజూ ఒకే వేళకు తెరవకూడదు. తెరిచినప్పుడల్లా పడే కాస్త వెలుగూ గడియారాన్ని అటూ ఇటూ నెడుతుంది, ఒకే వేళకు పడితే ఆ వేళకే కుదిర్చేస్తుంది. గది వేడి కూడా మధ్యాహ్నం పెరిగి రాత్రి తగ్గేలా ఉంటే మొక్కకు అదీ ఒక ఆనవాలే. పెట్టెను కిటికీకి, వంటింటికి దూరంగా పెట్టండి.

రెండు రోజులు చాలు. మొదటి రోజు ఆకు దాదాపు పూర్తిగా తెరుచుకుని ముడుచుకుంటుంది, రెండో రోజు తెరుచుకునే మేర తగ్గుతుంది. చీకట్లో ఆహారం తయారు కాదు, పంపులకు శక్తి తగ్గిపోతుంది. గడియారం ఆగిపోయిందని అనుకోకండి, అది చూపించే ముల్లు బలహీనపడిందంతే. మూడు రోజులు దాటితే ఆకులు పాలిపోతాయి, మొక్కకు మంచిది కాదు.

వేళలు తిప్పి చూడాలంటే అదే పెట్టెలో 30 సెంటీమీటర్ల ఎత్తున తెల్లటి ఎల్ఈడీ దీపం పెట్టి రాత్రి 12 గంటలు వెలిగించి, పగలు 12 గంటలు ఆర్పేయండి. మొదటి రోజుల్లో ఆకు తికమకపడుతుంది, సగం తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. కొద్ది రోజుల్లో కొత్త వేళకు సర్దుకుంటుంది. దీపం వేడెక్కుతుంటే ఇంకా పైకి జరపాలి, లేకపోతే ఆకులు వేడికి నిలువుగా లేచి నిలబడతాయి, అది వేరే కదలిక. మండే ఎండలో, నీళ్లు తక్కువైనప్పుడు చిక్కుడు జాతి మొక్కలు పత్రకాలను ఎండకు అంచు చూపేలా తిప్పుకుంటాయి. మధ్యాహ్నం ముడిచినట్టు కనబడితే అది రాత్రి ముడుపు కాదు, ఎండను తప్పించుకోవడం.

ఎలా ముడుస్తుందో ఇంత తెలిసింది. దేనికి ముడుస్తుంది అన్న ప్రశ్న మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. మొదటి గట్టి జవాబు 1880లో చార్ల్స్ డార్విన్ చెప్పాడు, కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో. ఎన్ని రకాలుగా ముడిచినా చివరికి ఆకు పైతలం నేరుగా ఆకాశానికి ఎదురుగా ఉండకుండా పోతుందని గమనించాడు. మబ్బులేని రాత్రి ఆకాశం కేసి పరుచుకుని ఉన్న ఆకు తన వేడిని పైకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, దాని మీద మంచు చేరేది అందుకే. డార్విన్ కొన్ని ఆకులను ముడవనీయకుండా పిన్నులతో చదునుగా బిగించి గడ్డకట్టే చలిలో ఆరుబయట పెట్టాడు, పక్కనే మామూలుగా ముడిచినవి. బిగించినవి ఎక్కువ దెబ్బతిన్నాయి. చక్కటి పరీక్ష, ఇప్పటికీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఆకులు ముడిచే చెట్లు అసలు మంచే గడ్డకట్టని వేడి ప్రాంతాల్లో ఎక్కువ. అక్కడ చలి వాదం ఒక్కటే సరిపోదు.

ఆ తర్వాతి కాలంలో, బీన్స్ గడియారాన్ని పరీక్షించిన బ్యూనింగే వెన్నెల మాట తెచ్చాడు. చాలా మొక్కలు రాత్రి ఎంత పొడవో కొలుచుకుని పూతకు వస్తాయి. పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు, అయినా ఆ కొలతను చెడగొట్టవచ్చని ఆయన అనుమానం. నిలువుగా ముడిచిన ఆకు మీద పై నుంచి పడే వెన్నెల బాగా తగ్గుతుంది. ఆకు మీద తడి త్వరగా జారిపోయి తెగుళ్లు తగ్గుతాయన్నది మరో వాదన.

2019లో పీటర్ మినార్స్కీ అనే జీవశాస్త్రజ్ఞుడు చెప్పిన మాట నాకు అన్నిటికన్నా కొత్తగా తోచింది. రాత్రి ఆకులు తినే పురుగులు చాలా. ఆకులు పరుచుకుని ఉంటే ఆ పురుగులకు అదొక పందిరి. ముడిస్తే ఆ పందిరి పోతుంది, గుడ్లగూబలు, గబ్బిలాల్లాంటి వేటాడే జీవాలకు పురుగులూ ఎలుకలూ కనబడతాయి, వినబడతాయి. ఆకు తన శత్రువుకు శత్రువైన దానికి దారి తెరుస్తోందన్నమాట. ఈ వాదనలు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. చలి ఉన్నచోట చలి, పురుగున్నచోట పురుగు, రెండూ ఉన్నచోట రెండూ లెక్కలోకి రావచ్చు.

పురుగుల మాట వచ్చింది కాబట్టి ఒక కాగితం తీసుకుని మధ్యకు మడిచి, మడతకు కాస్త దూరంగా పంచింగ్ మిషన్‌తో ఒక రంధ్రం చేసి విప్పండి. మడతకు అటూ ఇటూ సమాన దూరంలో రెండు రంధ్రాలు వస్తాయి. రాత్రి మూసుకున్న ఆకును పురుగు కొరికినా అదే జరుగుతుంది. చైనాలో దొరికిన శిలాజ ఆకుల మీద శాస్త్రజ్ఞులు 2023లో సరిగ్గా ఈ జంట రంధ్రాలనే గుర్తించినట్టు చెప్పారు. ఆ ఆకులు పెర్మియన్ యుగం చివరివి, 25 కోట్ల ఏళ్లకు పైబడినవి, గైగాంటోప్టెరిడ్లు అనే అంతరించిన మొక్కలవి. చిక్కుడు కుటుంబం పుట్టడానికి ఎంతో ముందే, వేరే మొక్కలు ఆకు ముడవడం నేర్చుకున్నాయన్నమాట. చచ్చి రాయైపోయిన ఆకు ముడిచిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదనుకున్న చోట, పురుగు కాటు సాక్ష్యం చెప్పింది. దేవకాంచనం చెట్టు కింద రాలిన ఆకులు ఏరి చూడండి, జంట రంధ్రాలు దొరకవచ్చు. ఒక జాగ్రత్త: ఇంకా విచ్చుకోని లేత చిగురును పురుగు తొలిచినా ఇలాంటి జంట గుర్తులే వస్తాయి, ఆకు పెరిగేకొద్దీ రంధ్రాలూ సాగి పెద్దవవుతాయి. కాబట్టి ముదిరిన ఆకు మీద చిన్నవిగా, అంచు తేటగా ఉన్న రంధ్రాలనే లెక్కలోకి తీసుకోవాలి.

మొక్కలకు మందులు కొట్టేవాళ్లకు ఈ ముడుపు గురించి తెలియకపోతే మందు వృథా అవుతుంది. వేరుశనగ మీద పొద్దుగూకాక పిచికారీ చేస్తే పైతలాలు లోపల దాగి ఉంటాయి, మందు వెనకభాగం మీదే పడుతుంది. ఆకు వెనక చేరే పేనుబంక కోసమైతే అది కొంత మేలే. పైతలం మీద పడాల్సిన పోషక ద్రావణానికైతే మాత్రం నష్టం. తంగేడు జాతి కలుపును చంపే మందూ అంతే, ఆకు నిలువుగా వేలాడుతున్నప్పుడు చుక్క నిలవదు, జారిపోతుంది. పత్రకాలు కదలడం మొదలయ్యే వేళను రెండు రోజులు చూసి పెట్టుకుని, దానికి కనీసం గంట ముందే పని ముగించాలి.

ఇంట్లో మరాంటా పెంచేవాళ్ల ఫిర్యాదు వేరు: మా మొక్క రాత్రిళ్లు ఆకులు లేపడం మానేసింది. ముందు చూడాల్సింది గదిలో దీపం. రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే తెల్ల దీపం పక్కనుంటే మొక్కకు సాయంత్రం ఎప్పుడో తెలియదు. రెండోది పగటి వెలుగు. మూల గదిలో పగలూ రాత్రీ తేడా లేకపోతే గడియారాన్ని సరిదిద్దేదేమీ ఉండదు. కిటికీ నుంచి ఒకటి రెండు మీటర్ల దూరంలో, నేరుగా ఎండ పడని వెలుగు సరిపోతుంది. మూడోది నీరు: పై మట్టి రెండు సెంటీమీటర్లు ఆరాక పోయండి, అంతకన్నా ఎక్కువ ఎండనివ్వొద్దు. చలిగాలి తగిలే ఏసీ ముందు పెట్టొద్దు. చోటు మార్చినప్పుడు కొన్నాళ్లు తప్పులు చేయడం మామూలే, రోజుకో చోటికి జరుపుతూ ఉంటే ఎప్పటికీ కుదరదు. ఆకు అంచులు గోధుమరంగుకు మారడానికీ దీనికీ సంబంధం లేదు, అది పొడిగాలి వల్లో, నీళ్లలోని లవణాల వల్లో వచ్చేది.

ఇవన్నీ సరిచేశాక కాడకు చివర, ఆకు పలక మొదలయ్యే చోట చూడండి. మరాంటాలో కీలు అక్కడ ఉంటుంది. అది నునుపుగా, బిగువుగా ఉంటే కొద్ది రోజుల్లో ఆకు మళ్లీ లేవడం మొదలుపెడుతుంది. ఆ కీలు నలిగి నల్లబడి ఉంటే ఆ ఆకు ఇక లేవదు, దాన్ని వదిలేసి కొత్తగా వచ్చే ఆకును గమనించండి.